డచ్ డ్రాయింగ్స్‌లో ఆ వాలిపోయిన పల్లె ఇళ్ళకి నిజంగా లోపలి అర్థం ఉందా?

కుంచె_కాగితం:

నమస్తే అందరికీ. బీఎఫ్‌ఏ చేస్తున్నాను, సెమినార్ పేపర్‌కి 17వ శతాబ్దపు డచ్ ల్యాండ్‌స్కేప్ డ్రాయింగ్స్ తీసుకున్నాను. పెయింటింగ్స్ కాదండి, కాగితం మీద పెన్నుతోనో చాక్‌తోనో గీసినవి, ఇంకా ఆ టైమ్ ఎచింగ్స్, అంటే రాగి రేకు మీద గీసి కాగితం మీద అచ్చు తీసినవి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్న రైక్స్‌మ్యూజియం వాళ్ళ సైట్‌లో పెద్ద సైజులో ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు కాబట్టి జూమ్ చేసి ఒక్కొక్కటీ చూస్తున్నా.

చూసేకొద్దీ ఎవరి బొమ్మ తెరిచినా ఒక రైతు ఇల్లు తగులుతోంది. అదీ నిటారుగా నిలబడ్డ ఇల్లు కాదు. ఆబ్రహాం బ్లూమార్ట్ గీసినవైతే కప్పు మధ్యలో కుంగిపోయి, చూరు దగ్గర రెల్లు ఊడిపోయి వాసాలు బయటపడి, గోడ మీద మట్టి రాలి లోపలి తడిక కనిపిస్తూ ఉంటుంది. పక్కన పనికిరాని బండిచక్రం, బోర్లించిన బుట్ట, గోడకి ఆనించిన నిచ్చెన ఇలాంటివి. మనుషులు ఉంటే ఉంటారు లేకపోతే లేదు, ఉన్నా చిన్నగా ఓ మూలకి. రెంబ్రాంట్ ఇళ్ళు అంత పాడుబడి ఉండవు గానీ అవి కూడా సగం నేలలోకి దిగినట్టు చెట్ల కింద ఒదిగి ఉంటాయి.

మా సార్‌ని అడిగితే ఇదంతా సింబాలిజం అన్నారు. పాడుబడ్డ ఇల్లంటే ఈ లోకం, ఈ శరీరం శాశ్వతం కాదని చెప్పడం, స్టిల్ లైఫ్‌లో పుర్రె, ఆరిపోయిన కొవ్వొత్తి పెట్టి చెప్పే మాటనే ఇక్కడ ఇంటితో చెప్పారు అన్నారు. వినడానికి బాగుంది కానీ నాకు మనసొప్పట్లేదు, ఎందుకంటే ఆ రెల్లు పోచల్ని, ఆ తడిక అల్లికని వాళ్ళు గీసిన తీరు చూస్తే నీతి చెప్పడానికి గీసినట్టు అనిపించట్లేదు, ఆ ఇంటి మీద ఇష్టంతో గీసినట్టుంది. అలా అని ఊరికే కనిపించింది గీశారు అంటే అదీ సరిపోవట్లేదు, అన్ని వందల బొమ్మల్లో అదే ఇల్లు ఎందుకు వస్తుంది?

ఈ సబ్జెక్ట్ తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి, ప్లీజ్. ఏ బొమ్మలు చూడాలో కూడా చెప్తే బాగుంటుంది.

---

పాతబొమ్మలు:

మీ సార్ చెప్పింది ఉత్తినే పుట్టిన మాట కాదమ్మా, దాని వెనక పెద్ద వాదనే ఉంది. ఎడీ డె యోంగ్ లాంటి స్కాలర్లు డచ్ బొమ్మల్ని అప్పటి ఎంబ్లెమ్ పుస్తకాల పక్కన పెట్టి చదవడం మొదలుపెట్టారు, ఎంబ్లెమ్ పుస్తకం అంటే ఒక చిన్న బొమ్మ, దానికో సూక్తి, కింద నీతి చెప్పే పద్యం, యాకబ్ కాట్స్ వేసిన ఇలాంటి పుస్తకాలు అప్పట్లో జనం తెగ చదివారు. ఆ దారిలోనే యోసువా బ్రాయిన్ 1987లో, ఆమ్‌స్టర్‌డామ్, బోస్టన్, ఫిలడెల్ఫియాల్లో పెట్టిన పెద్ద ల్యాండ్‌స్కేప్ ఎగ్జిబిషన్‌కి రాసిన వ్యాసంలో మొత్తం ల్యాండ్‌స్కేప్‌నే బైబిల్ కళ్ళతో చదవాలన్నాడు. దారిన పోయే మనిషి యాత్రికుడు, వంతెన రక్షణకి దారి, పాడుబడ్డ గుడిసె పాపంలో ఉన్న ఈ లోకం. మీ సార్ మాట అక్కడిది.

దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున స్వెత్లానా ఆల్పర్స్ అనే ఆర్ట్ హిస్టారియన్ ఉంది. ఆవిడ 1983లోనే ఏమందంటే డచ్ వాళ్ళది వర్ణించే కళ, మ్యాపులూ లెన్సులూ కొలతలూ అంటే ప్రాణం పెట్టే జనం, కంటికి కనపడేదాన్ని తెలుసుకోవడమే వాళ్ళకి విలువైన పని, ప్రతి బొమ్మ అడుగునా దాచిన నీతి ఉందనుకోవద్దు అని. ఈ రెండు వాదనలూ చదవకుండా మాత్రం పేపర్ మొదలుపెట్టకండి.

నా అభిప్రాయం చెప్పమంటే, బ్లూమార్ట్ దగ్గరే ఈ ప్రశ్న బాగా తేలుతుంది. ఆయన కాలం 1566 నుంచి 1651, బతుకంతా ఎక్కువగా యూట్రెక్ట్‌లోనే, కేథలిక్. 1624లో ఆయన వేసిన ఒక పెయింటింగ్ బాల్టిమోర్‌లో వాల్టర్స్ మ్యూజియంలో ఉంది, మత్తయి సువార్త 13వ అధ్యాయంలో గోధుమలు, గురుగులు ఉపమానం. రైతులు పట్టపగలు బట్టల్లేకుండా చెట్టు కింద పడి నిద్రపోతుంటే వెనకాల పొలంలో కొమ్ములూ తోకా ఉన్న సైతాను కలుపు విత్తనాలు చల్లుకుంటూ పోతుంటాడు. పక్కనే మేక, నెమలి. అంటే కామం, గర్వం. ఆ సీన్‌లో ఒక పాత పావురాల గూడు, శిథిలమైన కట్టడం కూడా పెట్టాడు. ఇక్కడ పాడుబడ్డ ఇల్లు సోమరితనానికి గుర్తు అంటే ఎవరూ కాదనలేరు, కథే ఆ మాట చెప్తోంది కాబట్టి.

ఇప్పుడు అదే బ్లూమార్ట్ డ్రాయింగ్ తీసుకోండి. అక్కడ ఇల్లు, చెట్టు, ఓ నిచ్చెన ఉంటాయి, కథ లేదు. కారెల్ వాన్ మాండర్ 1604లో చిత్రకారుల జీవితాలు రాస్తూ బ్లూమార్ట్ గురించి ఏం చెప్పాడో చూడండి, యూట్రెక్ట్ చుట్టుపక్కల రకరకాల రైతు ఇళ్ళు, పనిముట్లు, చెట్లు, నేల ఉంటాయి, ఇతను వాటిని ఎదురుగా కూర్చుని గీస్తాడు, పెన్ను వాడటంలో మంచి నేర్పు ఉంది, పైన కాస్త నీళ్ళరంగు పూస్తాడు అని మెచ్చుకున్నాడు. ఇంకా బతికున్న ఆర్టిస్ట్ గురించి, ఆ లోకం మొత్తం తెలిసిన మనిషి రాసిన మాట ఇది. నీతి ఊసే లేదు, ఇళ్ళలో ఉన్న రకాలూ గీతలో ఉన్న నేర్పూ, ఆయనకి పట్టినవి అవే.

కాబట్టి గీసేటప్పుడు అది ఇల్లే. అదే ఇంటిని తర్వాత ఎక్కడ వాడాడు అన్నదాన్ని బట్టి అర్థం వస్తుంది. బ్లూమార్ట్ ఆ స్కెచ్‌లు దాచుకుని తప్పిపోయిన కుమారుడి కథలోనూ, దేవదూత తోడుగా ప్రయాణం చేసే తోబియా కథలోనూ ఇళ్ళు కావాల్సి వచ్చినప్పుడు వాటిలోంచి తీసి పెట్టుకునేవాడు. తప్పిపోయిన కుమారుడు పందుల దగ్గర మోకరిల్లిన చోట వెనక ఆ ఇల్లు పతనం. తోబియా నడిచే దారిలో అదే ఇల్లు దారిపక్క మామూలు పల్లె. మీ పేపర్‌లో ఈ తేడా ఒక్కటి గట్టిగా పట్టుకున్నా చాలు.

---

ఆమ్‌స్టెల్_గట్టు:

నేను ఆర్ట్ చదువుకున్నవాణ్ణి కాదు, ఐటీ ఉద్యోగం మీద ఆమ్‌స్టర్‌డామ్ పక్కన ఆమ్‌స్టెల్‌వీన్‌లో ఉంటున్నా, ఇక్కడ మన తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు. ఖాళీ దొరికితే ఆమ్‌స్టెల్ నది పక్కన ఔడర్‌కెర్క్ వైపు సైకిల్ మీద పోతుంటా, రెంబ్రాంట్ నడిచిన దారి అదే కాబట్టి ఈ బొమ్మల మీద పడ్డాను. సింబల్ సంగతి పెద్దవాళ్ళు చెప్తారు, నేను ఇంటి సంగతి చెప్తా, ఎందుకంటే ఆ ఇళ్ళు ఎందుకు అలా వంగి ఉంటాయో తెలియకుండా వంగినదానికి అర్థం చెప్పేస్తున్నారు చాలామంది.

ఇక్కడి నేల చాలా చోట్ల పీట్, అంటే నీళ్ళలో మొక్కలు కుళ్ళి వేల ఏళ్ళుగా పేరుకున్న మెత్తటి నేల. కాలవలు తవ్వి నీళ్ళు తోడేసేకొద్దీ అది కుంగుతుంది. దాని మీద కట్టింది ఏదైనా ఒక పక్కకి ఒరుగుతుంది, డబ్బున్నవాడి ఇల్లయినా సరే. ఆమ్‌స్టెల్ ఒడ్డున కోస్ట్‌వెర్లోరెన్ అని ఒక పెద్ద భవంతి ఉండేది, అది కూడా కుంగిపోతూ యజమానులకి ఖర్చు మీద ఖర్చు పెట్టించింది, తర్వాత 1650 ప్రాంతంలో కాలిపోయింది, రెంబ్రాంట్ ఆ శిథిలాన్ని కూడా గీశాడు. మరి గుడిసె ఒరిగితే పాపం, భవంతి ఒరిగితే ఇంజినీరింగ్ అనలేం కదా. కప్పు రెల్లుగడ్డి, సముద్రపు గాలికి తడికి నాచు పడుతుంది, చూరు ముందు పాడవుతుంది. పక్కగోడలు చాలా పొట్టిగా ఉంటాయి, కప్పు దాదాపు నేల దాకా దిగుతుంది, చాలా ఇళ్ళలో ముందు భాగంలో మనుషులు వెనక భాగంలో ఆవులు ఒకే కప్పు కింద ఉండేవాళ్ళు. చెట్లు ఇంటిని చుట్టుకుని ఉండేది అందం కోసం కాదు, పడమటి గాలి ఆపడానికి. రెంబ్రాంట్ బొమ్మల్లో ఇల్లు చెట్లలో ఒదిగినట్టు ఉంటుంది అన్నారు కదా, నిజంగానే అలా ఒదిగించి కట్టేవాళ్ళు.

ఇంకొకటి గమనించండి, ఇంటి పక్కన నాలుగైదు పొడవాటి గుంజలు, వాటి మధ్యలో ఒక కప్పు వేలాడుతున్నట్టు ఉంటుంది, కింద ఎండుగడ్డి. మన గడ్డివాముకి గొడుగు పట్టినట్టుంటుంది. గడ్డి ఎక్కువుంటే ఆ కప్పుని గుంజల మీద పైకి జరుపుతారు, గడ్డి తగ్గేకొద్దీ కిందికి దించుతారు. బొమ్మలో అది ఎంత ఎత్తులో ఉందో చూస్తే ఆ ఇంట్లో ఎంత గడ్డి మిగిలిందో తెలుస్తుంది. రెంబ్రాంట్ 1641 ఎచింగ్, అడ్డంగా పొడుగ్గా ఉండేది, గుడిసె గడ్డివాము ఉన్నది, అందులో ఇది బాగా కనిపిస్తుంది.

ఆ ఎచింగ్ గురించి ఇంకో మాట. మధ్యలో రైతు ఇల్లు పెట్టి, ఒక చివర దూరంగా ఆమ్‌స్టర్‌డామ్ ఊరి గోపురాలు, ఇంకో చివర చెట్ల మధ్య నేను పైన చెప్పిన కోస్ట్‌వెర్లోరెన్ భవంతి పెట్టాడు. ఒకే చోట నిలబడితే ఈ రెండూ అలా కనపడవు, కావాలని కలిపాడు. ఊరు, షావుకారు భవంతి, మధ్యలో అన్నిటికన్నా పెద్దగా, దగ్గరగా రైతు ఇల్లు. నాకు సింబల్స్ తెలియవు గానీ ఇది ఊరికే జరిగింది కాదు.

లొకేషన్లు వెతకాలనుకుంటే ఫ్రిట్స్ లుగ్ట్ అనే ఆయన 1915లోనే రెంబ్రాంట్ నడకల మీద పని చేసి చాలా చోట్లు గుర్తుపట్టాడు. రెంబ్రాంట్ 1639లో కొన్న ఇల్లు ఊరి తూర్పు వైపు ఉంది, అక్కణ్ణించి ద్వారం దాటితే నేరుగా డీమెన్ అనే ఊరి వైపు పోయే కరకట్ట ఎక్కొచ్చు, అందుకే ఆ కట్ట వెంట ఉన్న ఇళ్ళు అన్ని బొమ్మల్లో వస్తాయి. ఎచింగ్ చూసేటప్పుడు ఫోన్‌లో ఇమేజ్ అద్దం తిప్పినట్టు తిప్పి చూడండి, రాగి రేకు మీద గీసింది అచ్చులో కుడి ఎడమలు మారి వస్తుంది. ఇక్కడ రీకర్‌మోలెన్ అనే గాలిమర దగ్గర రెంబ్రాంట్ కూర్చుని గీస్తున్నట్టు విగ్రహం ఉంది, టూరిస్టులు ఆ గాలిమరనే ఆయన గీశాడనుకుంటారు, కానీ ఆ మర 1961లో వేరే చోటు నుంచి తెచ్చి అక్కడ పెట్టింది.

---

కుంచె_కాగితం:

ఇద్దరికీ చాలా థాంక్సండి. గడ్డివాము కప్పు సంగతి చదివాక మళ్ళీ వెళ్ళి చూశాను, ఒక్కో బొమ్మలో ఒక్కో ఎత్తులో ఉంది, ఇన్నాళ్ళూ అది సగం కట్టి వదిలేసిన షెడ్ అనుకుంటున్నా.

ఇప్పుడు నాకు మిగిలిన డౌట్ ఏంటంటే, డబ్బంతా ఊళ్ళలో ఉంది, ఓడలు, మసాలాలు, బ్యాంకు, కొనేవాళ్ళు కూడా ఊరి జనమే. మరి వాళ్ళకి రైతు ఇల్లు ఎందుకు కావాలి? అది కూడా 1610 ఆ ప్రాంతంలోనే ఒక్కసారిగా ఇన్ని సిరీస్‌లు ఎందుకు వచ్చాయి?

---

చరిత్ర_దారి:

1610 అన్నారు చూడండి, ఆ తారీఖు దగ్గరే అసలు విషయం ఉంది. ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా ఎవరూ యుద్ధం మాట ఎత్తలేదు, అది లేకుండా ఆ ఇల్లు అర్థం కాదని నా గట్టి నమ్మకం.

కథ ఇంకా వెనక్కి, హాలండ్‌లో కాదు, ఆంట్‌వెర్ప్‌లో మొదలవుతుంది. అక్కడ హియరోనిమస్ కోక్ అనే పబ్లిషర్ 1559లో, మళ్ళీ 1561లో చిన్న చిన్న ల్యాండ్‌స్కేప్ ప్రింట్లు రెండు సెట్లు వేశాడు, మొత్తం 44. ఎచింగ్ చేసింది వాన్ డూటెకుమ్ అన్నదమ్ములు. డ్రాయింగ్స్ ఎవరివో పేరు లేదు, ఇప్పటికీ ఆ ఆర్టిస్ట్‌ని ఆ ప్రింట్ల పేరుతోనే పిలుస్తారు. టైటిల్‌లోనే చెప్పాడు, ఇవన్నీ ఆంట్‌వెర్ప్ దగ్గరి పల్లె ఇళ్ళు, పొలాలు, దారులు, నిజంగా చూసి గీసినవి అని. అప్పటిదాకా ల్యాండ్‌స్కేప్ అంటే కొండలు, గుహలు, పైనుంచి లోకమంతా కనిపించే దృశ్యం, అందులో ఎక్కడో ఓ సాధువు. ఈ సెట్‌లో అవేం లేవు. మట్టి రోడ్డు, కంచె, గుడిసెలు, మనిషి నిలబడ్డ ఎత్తు నుంచి చూసినట్టు. ఒక మామూలు పల్లెటూరి వీధిని బొమ్మగా అమ్మడం అన్నది గట్టి తెగింపు.

తర్వాత ఏమైంది? 1568 నుంచి అప్పటిదాకా ఏలుతున్న స్పెయిన్ మీద తిరుగుబాటు, ఎనభై ఏళ్ళ యుద్ధం. ఆంట్‌వెర్ప్ చుట్టూ ఉన్న పల్లెలు సైన్యాలు తిరిగి తిరిగి నాశనం అయ్యాయి. 1585లో ఆంట్‌వెర్ప్ స్పెయిన్ చేతికి పోయింది. జనం వేలకి వేలు ఉత్తరానికి, హార్లెమ్‌కి ఆమ్‌స్టర్‌డామ్‌కి వలస పోయారు, నేతగాళ్ళు, వ్యాపారులు, ఆర్టిస్టులు. పైన చెప్పిన కారెల్ వాన్ మాండరే ఫ్లాండర్స్ నుంచి పారిపోయి 1583లో హార్లెమ్ చేరాడు. డేవిడ్ వింక్‌బూన్స్ అనే ఆర్టిస్ట్ కూడా చిన్నప్పుడే ఇంట్లోవాళ్ళతో అలా వచ్చినవాడు.

ఇప్పుడు 1612 చూడండి. ఆమ్‌స్టర్‌డామ్‌లో క్లాస్ యాన్స్ విస్సర్ అనే ఎచర్, పబ్లిషర్ కూడా, ఆ పాత ఆంట్‌వెర్ప్ సెట్‌ని మళ్ళీ గీసి అచ్చు వేశాడు, పైగా డ్రాయింగ్స్ పేరుమోసిన ఆర్టిస్ట్ పెద్ద పీటర్ బ్రూగల్‌వి అని పేరు పెట్టి. యాభై ఏళ్ళ కిందటి, ఇంకో రాజ్యంలో మిగిలిపోయిన పల్లెల బొమ్మలు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎవరు కొంటారు? ఆ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు కొంటారు. వాళ్ళకి ఆ గుడిసె తాతల ఇల్లు, మళ్ళీ వెళ్ళలేని ఊరు. ఆ ప్రింట్ల మీద ఒక్క నీతిపద్యం లేకపోయినా ఆ ఇంటికి ఉన్న బరువు అంతా ఇంతా కాదు.

అదే విస్సర్ 1611, 12 ప్రాంతంలో హార్లెమ్ చుట్టుపక్కల చోట్లతో సొంతంగా ఇంకో సెట్ వేశాడు. టైటిల్ పేజీలో చెప్పేదేంటంటే, దూరం వెళ్ళి తిరిగే తీరిక లేని కళాభిమానులారా, ఈ హాయైన చోట్లు ఇంట్లో కూర్చునే చూసుకోండి అని. నార బట్ట ఎండలో పరిచి తెల్లబరిచే మైదానాలు, సముద్రం ఒడ్డున జాండ్‌వోర్ట్, ఇలా పోతూ పోతూ మధ్యలో హుయిస్ టె క్లేఫ్ కోట శిథిలం పెట్టాడు. ఆ కోట మామూలు పాత కోట కాదు. 1572 చలికాలం నుంచి 1573 జులై దాకా స్పెయిన్ సైన్యం హార్లెమ్‌ని ముట్టడించినప్పుడు వాళ్ళ సేనాధిపతి మకాం అదే, పోతూ పోతూ పేల్చేసి పోయారు. హార్లెమ్‌లో ముసలివాళ్ళు అందరికీ ఆ ముట్టడి, ఆ ఆకలి గుర్తే. హాయైన చోట్ల మధ్యలో ఆ శిథిలం ఉందంటే, ఈ హాయి ఎంత ఖరీదు పెట్టి తెచ్చుకున్నామో చూడండి అని చెప్పడమే.

ఇక రైతు ఇల్లు. యుద్ధంలో అందరికన్నా ముందు పోయేది రైతు ఇల్లే, జీతాలు అందని సైనికులు వచ్చి పడేది అక్కడే. 1610లో వింక్‌బూన్స్ డిజైన్లతో బోల్స్‌వెర్ట్ అనే ప్రింట్లు చెక్కే ఆయన నాలుగు ప్రింట్లు వేశాడు, రైతుల కష్టాలు అని పేరు. సైనికులు ఇంట్లో దూరడం, తినడం తాగడం, తర్వాత రైతులు తిరగబడటం, చివరికి రాజీ. 1609 ఏప్రిల్‌లో స్పెయిన్‌తో పన్నెండేళ్ళ సంధి కుదిరింది, దాని మరుసటి ఏడు వచ్చిన ప్రింట్లు ఇవి. అదే బోల్స్‌వెర్ట్ 1614కల్లా బ్లూమార్ట్ గీసిన రైతు ఇళ్ళని సిరీస్‌గా అచ్చు వేశాడు. నాలుగేళ్ళ కింద అదే చెయ్యి సైనికులు దూరిన ఇంటిని చెక్కింది, ఇప్పుడు ఎవరూ దూరని ఇంటిని చెక్కుతోంది. కప్పు ఊడితే ఊడింది, ఇల్లు నిలబడి ఉంది, కొనేవాడికి అది చాలు. నా దృష్టిలో 1610ల్లో పల్లె ఇల్లు అంటే శాంతి. పాపం, మరణం అన్న అర్థం కన్నా ఇది దగ్గర.

---

బొగ్గుముక్క:

చరిత్ర_దారి గారు రాసింది చదివి నిజంగా కదిలిపోయాను. కానీ బొమ్మ వేసేవాడిగా ఒక మాట చెప్పాలి, అన్ని బొమ్మలకీ ఆ ఒక్క తాళంచెవి పనికిరాదు.

మీరు ఒకసారి కొత్త కాంక్రీట్ ఇంటిని పెన్నుతో గీసి చూడండి, తర్వాత పాత పెంకుటిల్లు గీసి చూడండి. కొత్తింట్లో నాలుగు గీతలతో పని అయిపోతుంది, చేతికి పనుండదు. కుంగిన రెల్లు కప్పు అయితే ప్రతి అంగుళంలో గీత మారాలి, నడికొప్పు దగ్గర ఒక రకం, చూరు దగ్గర పోచలు వేలాడే చోట ఒక రకం, నీడపడే చోట ఇంకో రకం. రెంబ్రాంట్ 1640ల చివర, 50ల్లో రెల్లు కలం వాడాడు, దాని మొన మొద్దుగా ఉంటుంది, ఇంక్ అయిపోయేకొద్దీ గీత పొడిబారి విరుగుతుంది. ఆ విరిగిన గీతతో రెల్లు కప్పు గీస్తే గీతే కప్పు అయిపోతుంది. పైన బ్రౌన్ వాష్, అంటే నీళ్ళు కలిపిన పలచటి రంగు, ఒక్క పోటు వేసి చూరు కింద చీకటి తెస్తాడు, దానితో ఆ పొట్టి గోడ లోపలికి పోయి ఇంటికి బరువు వస్తుంది. మీరు నేలలోకి దిగినట్టుంది అన్నది ఆ ఒక్క వాష్ వల్లే. బ్లూమార్ట్ ఇంటికోసం విరిగిన చూరు వెతుక్కున్నాడంటే అందులో సగం కారణం చేతి ఆకలి.

ఇంకో సంగతి కూడా గమనించండి. అదే 1612లో బీమ్‌స్టర్ అనే పెద్ద సరస్సుని గాలిమరలతో తోడేసి పొలాలు చేశారు, స్కేల్ పెట్టి గీసినట్టు చతురస్రాలు, ఆ దేశం గర్వంగా చెప్పుకున్న పని, ఊరి షావుకార్లు డబ్బు పెట్టిన పని. ఆర్టిస్టుల బొమ్మల్లో అది చాలా అరుదు. వాళ్ళు గీసింది వంకర దారి, వంకర కంచె, వంకర ఇల్లు. కొత్తది కట్టే జనం పాతది గోడకి తగిలించుకున్నారు. దీన్ని సింబల్ అనాలో ఇంకేమనాలో నాకు తెలియదు గానీ ఇది ఎంపికే, అందులో అనుమానం లేదు.

యాన్ వాన్ గోయెన్‌ని కూడా చూడండి. నల్ల చాక్, బూడిదరంగు వాష్, నోట్‌బుక్‌లో ఊరూరా తిరిగి గీసుకుని, 1650ల మొదట్లో వందల కొద్దీ పూర్తి చేసిన డ్రాయింగ్స్ సంతకం, తారీఖు వేసి అమ్మకానికి పెట్టాడు. తులిప్ గడ్డల వ్యాపారంలో మునిగి, చివరికి అప్పులతోనే 1656లో పోయాడు. ఆయన గీసిన ఇల్లు ఎంత తేలిగ్గా ఉంటుందంటే పది పన్నెండు గీతలు, అంతే, ఆకాశం కింద ఒక ముద్ద. అక్కడ ఇంటికి అర్థం వెతకడం కన్నా వాతావరణం వెతకండి, తడిగాలి కనిపిస్తుంది.

---

పాతబొమ్మలు:

బొగ్గుముక్క గారు, చేతి ఆకలి అన్న మాట నాకు బాగా నచ్చింది, వాన్ మాండర్ చెప్పిందానికి అది దగ్గరగా ఉంది. చరిత్ర_దారి గారి 1612 పాయింట్ కూడా ఒప్పుకుంటా, ప్రింట్ల విషయంలో. కానీ రెంబ్రాంట్ డ్రాయింగ్స్‌ని ఆ లెక్కలో కలపకండి. ప్రింట్ అమ్మడానికి, డ్రాయింగ్ దాచుకోవడానికి. రెంబ్రాంట్ ఈ ఇళ్ళ స్కెచ్‌లని ఆల్బమ్‌లలో తన దగ్గరే పెట్టుకున్నాడు, 1656లో దివాళా తీసినప్పుడు అధికారులు రాసిన సామాను జాబితాలో నిజంగా చూసి గీసిన ల్యాండ్‌స్కేప్‌ల ఆల్బమ్‌లు కనిపిస్తాయి. తర్వాత ఒక పెద్ద భాగం ఆయన శిష్యుడు గోవర్ట్ ఫ్లింక్ కొడుకు దగ్గరికి చేరింది, 1723లో ఇంగ్లండ్‌లో డెవన్‌షైర్ డ్యూక్ కొన్నాడు, వాటిలో చాలా ఇప్పటికీ ఆ డ్యూకుల భవంతి చాట్స్‌వర్త్‌లో ఉన్నాయి. ఎవరికీ చూపించడానికి కానిదాంట్లో ఎవరికోసం నీతి దాస్తాడు? ఆ బొమ్మల్లో చదవాల్సింది ఆయన చూపు.

మతం కోణం పూర్తిగా వదిలేయమని మాత్రం చెప్పను. బౌదవైన్ బాకర్ అనే స్కాలర్ ఇంకో దారి చూపించాడు, నాకు బ్రాయిన్ కన్నా ఈయన నమ్మదగ్గవాడు. 1561 నాటి బెల్జిక్ కన్ఫెషన్ అని డచ్ ప్రొటెస్టెంట్ల విశ్వాస ప్రకటన ఉంది, దాని రెండో ఆర్టికల్‌లో సృష్టి మన కళ్ళ ముందున్న అందమైన పుస్తకం, చిన్నా పెద్దా జీవులన్నీ అందులో అక్షరాలు అని ఉంటుంది. అది చర్చిలో విన్న జనం గుడిసెని, గడ్డివాముని, కాలవ గట్టుని శ్రద్ధగా చూడటం కూడా భక్తే అనుకుని ఉండొచ్చు. అప్పుడు ఊడిన చూరు పాపానికి గుర్తు కానక్కర్లేదు, అదీ ఆ పుస్తకంలో ఒక అక్షరమే. కుంచె_కాగితం మొదట్లో అన్న ఆ ఇష్టం, ఆ రెల్లు పోచ మీద శ్రద్ధ, దానికి చరిత్రలో చోటు ఇక్కడ దొరుకుతుంది.

---

కుంచె_కాగితం:

ఇంత వస్తుందని అనుకోలేదు, అందరికీ చాలా చాలా థాంక్స్. మా సార్‌తో మళ్ళీ మాట్లాడాను, 1624 పెయింటింగ్ దగ్గర సింబల్ ఒప్పుకుని డ్రాయింగ్స్ దగ్గర వేరేగా వాదిస్తానంటే సరే అన్నారు. రెంబ్రాంట్‌ని వదిలేసి బ్లూమార్ట్ ఒక్కడినే తీసుకుందామనుకుంటున్నా, డ్రాయింగ్, బోల్స్‌వెర్ట్ ప్రింట్, బైబిల్ పెయింటింగ్ మూడు చోట్లా అదే ఇల్లు ఎలా మారిందో చూపిస్తా. యుద్ధం సంగతి ప్రింట్ల చాప్టర్‌లో పెడతా. సరిపోతుందంటారా?

---

చరిత్ర_దారి:

సరిపోతుంది. ఒక్కటి చెప్తా, బోల్స్‌వెర్ట్ ప్రింట్లు విడివిడిగా కాకుండా మొత్తం సిరీస్ వరసలో టైటిల్ పేజీతో సహా డౌన్‌లోడ్ చేసుకోండి, కొన్నవాళ్ళ చేతికి వచ్చింది సెట్‌గానే. పక్కనే ఆ 1610 నాలుగు ప్రింట్లూ పెట్టుకుని తలుపులు చూడండి, ఎక్కడ తెరిచి ఉంది, ఎక్కడ మూసి ఉంది, గడప మీద ఎవరున్నారు. మీ చాప్టర్ అక్కణ్ణించి మొదలుపెట్టొచ్చు.